తాతయ్ అంటే నాన్న

శంషాబాద్‌లో విమానం దిగగానే మమ్మల్ని రెండు వరుసల్లోకి పంపారు. నాది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి నేను ఒక పక్క. మా ఆయనదీ అమ్మాయిదీ ఫిలిప్పీన్స్ పాస్‌పోర్టులు కాబట్టి వాళ్లిద్దరూ విదేశీయుల పక్క. నా పని చిటికెలో అయిపోయింది. ముద్ర కొట్టించుకుని ఇవతలికొచ్చి చూస్తే వాళ్ల వరుస కదలనే లేదు. ఆయన భుజం మీద నిద్రపోతున్న మా అమ్మాయి తల మాత్రం కనిపిస్తోంది. కాసేపటికి కౌంటర్ దగ్గరికి చేరారు. లోపలున్నాయన ఏదో అడుగుతున్నాడు, ఈయన సంచీలోంచి కాగితాలు తీస్తున్నాడు, మళ్లీ ఏదో అడుగుతున్నాడు. నేను వెనక్కి వెళ్లబోతే గార్డు అడ్డం వచ్చాడు.

"అటు పోవద్దు మేడమ్."

"మా ఆయన, మా అమ్మాయి అక్కడున్నారండీ."

"వస్తారు మేడమ్. ఇక్కడ నిలబడండి."

నిలబడ్డాను. సొంత దేశంలో కాలు పెట్టి అంత భయపడతానని నేను అనుకోలేదు. వాళ్లు చివరికి వచ్చారు. ఆయన నవ్వుతూనే వచ్చాడు. నేను మాత్రం టాక్సీ ఎక్కేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

మాది భీమవరం పక్కన పల్లెటూరు. నర్సు ఉద్యోగం మీద మస్కట్ వెళ్లాను. ఆయన అక్కడ విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో మెకానిక్. పెళ్లి అక్కడే చేసుకున్నాం, అమ్మాయీ అక్కడే పుట్టింది. మా అమ్మానాన్నలు ముందు ఏడ్చి, తర్వాత ఫోన్లో మనవరాలి ముఖం చూసి ఊరుకున్నారు. ఆయన పనిచేసే కంపెనీ మనుషుల్ని తగ్గించినప్పుడు శంషాబాద్‌లో ఒక హ్యాంగర్ వాళ్లు ఆయన్ని తీసుకుంటామన్నారు. ఇండియా వెళ్లడానికి నాకే ధైర్యం చాల్లేదు. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"నీ దేశమే కదా, నాకేం భయం?" అన్నాడు.

ఆ మాట నా నెత్తిన పెద్ద బరువై కూర్చుంది. ఇక ఇక్కడ నీళ్లు పడకపోయినా నేనే కారణం, ఎండకి తట్టుకోలేకపోయినా నేనే కారణం. దారిలో ఎవరైనా ఆయన్ని తేరిపార చూస్తే, చూసిన వాళ్ల తరఫున నేనే తల దించుకునేదాన్ని.

ఇల్లు దొరకడం కష్టమైంది. ఫోన్లో నా తెలుగు విని రమ్మనేవారు. వెళ్లాక ఆయన్ని చూసి, లోపలికెళ్లి మాట్లాడుకుని వచ్చి, "మా తమ్ముడు వస్తానన్నాడండీ, ఇప్పుడు ఇవ్వలేం" అనేవారు. ఒకాయన మాత్రం మొహమాటం లేకుండా, విదేశీయుణ్ణి పెట్టుకుంటే పోలీసులతో తలనొప్పి అని చెప్పేశాడు. ఆయన మీద నాకు కోపం కూడా రాలేదు. చివరికి శంషాబాద్ దగ్గర సాతంరాయిలో ఒక పెద్దావిడ తన ఇంటి పైభాగం చూపించింది. కింద ఆవిడా, ఆవిడ కొడుకూ కోడలూ ఉంటారు. పొలం చాలావరకు ప్లాట్ల కింద పోయినా, ఇంటి వెనక రేకుల కొట్టంలో రెండు బర్రెలు ఇంకా ఉన్నాయి. కొడుకు గుమ్మంలో నిలబడి నసిగాడు.

"అమ్మా, పోలీసోళ్లు అస్తే పరేషాన్ అయితది."

"అస్తే రానీ. గీడ దొంగలున్నరా?" అని ఆవిడ నా వైపు తిరిగింది. "మీ ఆయన ఏం తింటడు బిడ్డా?"

"మూడు పూటలా అన్నమేనండీ. ఎండు చేపలంటే ఇష్టం."

"మరింకేంది! మనసొంటోడే."

అలా చేరాం. నేను శంషాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాను. అమ్మాయిని దగ్గర్లో బడిలో వేశాం. అది ఇంట్లో మాట్లాడేది మూడు భాషల కలగాపులగం. బడిలో మాత్రం నోరు తెరిచేది కాదు. టీచరు పిలిచి, పాపకి చెవులు బాగానే వినపడతాయా అని అడిగింది. ఇంటికొచ్చి అడిగితే, "అమ్మా, వాళ్లు నవ్వుతున్నారు" అంది.

ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలుసు. మా ఆయన వాళ్ల దేశంలో నాన్నని 'తాతయ్' అంటారు. మా పిల్ల పుట్టినప్పటి నుంచి అలాగే పిలుస్తుంది. బడి దగ్గర ఆయన కనపడగానే "తాతయ్!" అని పరిగెత్తితే, చుట్టూ ఉన్న పిల్లలకి అది తాతయ్య అని వినపడుతుంది. ఇంకా నలభై దాటని మనిషిని పట్టుకుని తాతయ్యంటే పిల్లలు నవ్వరా? ఇంటావిడకి చెబితే ఆవిడ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజుకి నేనూ నవ్వాను.

ఆ వానాకాలంలోనే ఫోన్లలో వీడియోలు తిరగడం మొదలైంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా ఊళ్లలోకి వచ్చిందనీ, వేరే రాష్ట్రం మనుషులనీ, అనుమానం వస్తే వదలొద్దనీ. ఏ ఊళ్లోదో తెలియని వీడియోలో ఒక మనిషిని చెట్టుకి కట్టేసి కొడుతున్నారు. ఆసుపత్రిలో భోజనాల దగ్గర తోటి నర్సు ఒకామె నాకది చూపించింది. తింటున్న బాక్సు మూసేశాను. ఆ సాయంత్రమే ఆయనకి చెప్పాను.

"కొన్నాళ్లు బడికి నువ్వు వెళ్లకు. ఆటో మాట్లాడతాను."

"ఎందుకు? అది నా కూతురు కదా."

"నాకు తెలుసు. రోడ్డు మీద వాళ్లకి తెలియదు."

ఉదయం డ్యూటీ అయ్యాక కూతుర్ని నడిపించి తీసుకురావడమే ఆయనకి ఈ ఊళ్లో ఉన్న ఒకే సరదా. "పిల్లల కోసం భయపడేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. అడిగితే చెప్తాను" అన్నాడు. ఏ భాషలో చెబుతావని నేను అడగలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం వార్డులో పేషెంటుకి సెలైన్ మారుస్తుండగా ఫోన్ మోగింది. ఆయన నంబరే. ఎత్తితే ఎవరిదో మగ గొంతు.

"హలో, ఎవలు? ఈ ఫోన్ల వైఫ్ అని ఉంది."

వెనక పిల్ల ఏడుపు వినపడుతోంది. అది మా పిల్ల ఏడుపే.

"ఆయన నా భర్త. ఆ పాప మా అమ్మాయి. ఆయన మీద చెయ్యి వెయ్యకండి, దండం పెడతాను. నేను వస్తున్నాను."

"మీ మాట ఈడిది లెక్క లేదు గదా. ఎక్కడోళ్లు మీరు?"

"ఎక్కడున్నారు?" అని అరిచాను. హైవే పక్కన చెరుకు రసం బండి దగ్గరని చెప్పి పెట్టేశాడు. సిస్టర్‌కి ఒక మాట చెప్పి, వేసుకున్న యూనిఫాంతోనే బయటికి పరిగెత్తి ఆటో ఎక్కాను. ఆటోలోంచి ఇంటావిడకి ఫోన్ చేశాను.

"పెద్దమ్మా, ఆయన్ని రోడ్డు మీద పట్టుకున్నారు. పిల్లల దొంగ అనుకుంటున్నారు."

"యాడ?"

"చెరుకు రసం బండి దగ్గర."

"నువ్వు రా బిడ్డా. నేను పోతున్న."

ఆ దారి నేను రోజూ వెళ్లేదే. ఆ రోజు మాత్రం ముందున్న ప్రతి లారీ నాకోసమే ఆగిపోయినట్టనిపించింది. ఆటో అతను అద్దంలో నన్ను చూసి ఏమీ అడక్కుండా సర్వీసు రోడ్డులోకి దించి పోనిచ్చాడు. ఆ వీడియోలో చూసిన మనిషే కళ్లముందు కదులుతున్నాడు. ఈ దేశానికి ఆయన్ని నేనే తీసుకొచ్చాను అన్న మాట తప్ప ఇంకో ఆలోచన రావడం లేదు.

బండి చుట్టూ జనం మూగి ఉన్నారు. తోసుకుంటూ వెళ్లాను. ఆయన నేల మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది. పెదవి చిట్లి రక్తం కారుతోంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉన్నాడు. కదిలితే ఇంకా కొడతారని ఆయనకి అర్థమైందని నాకు తెలిసింది. రసం బండి నడిపే ఆవిడ మా అమ్మాయిని ఎత్తుకుని దూరంగా నిలబడి ఉంది. పిల్ల ఆయన వైపు చేతులు చాచి గుక్కపెట్టి ఏడుస్తోంది.

జరిగింది తర్వాత తెలిసింది. పిల్లకి రసం కావాలి. దగ్గు ఉంది కదా అని ఈయన వద్దన్నాడు. అది రోడ్డు మీద పడి దొర్లితే, భుజాన వేసుకుని నడిచాడు. అది కాళ్లు కొట్టుకుంటూ అరిచింది. బైకు మీద పోతున్న ఇద్దరు ఆగారు. ఈయన ఇంగ్లీషులో చెప్పింది వాళ్లకి ఎక్కలేదు. పిల్లని దింపించి, "గీయన నీకు ఏమైతడు?" అని అడిగారు. అది వెక్కుతూ "తాతయ్" అంది.

"తాతంట! ఈడు తాతనా? పిల్లకి నేర్పించి తెచ్చిండు చూడుండ్రి" అన్నారట. అక్కడి నుంచి ఇక ఎవరూ ఏమీ అడగలేదట.

నేను ఆయన ముందు అడ్డంగా నిలబడ్డాను. ఫోన్ తీసి పెళ్లి ఫోటోలు చూపించాను. పిల్ల పుట్టినప్పటివి, పుట్టినరోజువి చూపించాను. కంగారులో ఒక ఫోటో బదులు ఇంకోటి వస్తోంది. వెనక నుంచి ఒక కుర్రాడు, "ఫోటోలు ఎట్లనన్న చేస్తరు ఇప్పుడు" అన్నాడు. "ఈమె కూడ వాళ్ల మనిషే ఉంటది" అని ఇంకొకడు. నేను చెప్పిన కొద్దీ నా మాటే నాకు అబద్ధంలా వినపడడం మొదలైంది.

అప్పుడు ఇంటావిడ వచ్చింది. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, చెప్పులు కూడా లేకుండా, రొప్పుతూ. చేతులకి ఇంకా పచ్చిగడ్డి అంటుకుని ఉంది.

"జరగుండ్రి. ఎవని బిడ్డను ఎవడు ఎత్తుకపోయిండ్రా? గీయన నా ఇంట్ల కిరాయికుంటడు. ఆ పొల్ల దినాం నా కొట్టంల బర్రెలతోని ఆడతది."

"మరి పిల్ల తాత అంటుంది గదనే అవ్వా?"

"వాళ్ల తాన నాయినను గట్లనే అంటరు. నువ్వు మీ నాయినను బాపు అనవా? ఎవడన్న కొట్టిండా నిన్ను?"

ఎవరో చిన్నగా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నేరుగా వెళ్లి రసం బండావిడ చేతుల్లోంచి పిల్లని తీసుకుని, నేల మీదున్న మా ఆయన ఒళ్లో కూర్చోబెట్టింది. పిల్ల ఆయన మెడ కరుచుకుని ఊరుకుంది. అది చూశాక జనం కాళ్లు కదిలాయి. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, పోలీసు బండి వచ్చేసరికి సగానికి పైగా వెళ్లిపోయారు. బైకు ఆపి ముందు మా ఆయన కాలర్ పట్టుకున్న మనిషి మాత్రం నా దగ్గరికి వచ్చాడు. నా వయసే ఉంటుంది.

"ఏమనుకోకు అక్కా. నాకు కూడ బిడ్డ ఉన్నది. మంచికే చేసినం."

అతన్ని తిట్టాలనుంది, కొట్టాలనుంది. కానీ నిజంగానే ఎవడో నా కూతుర్ని ఎత్తుకుపోతుంటే ఇతనే కదా బైకు ఆపేవాడు అన్న ఆలోచన కూడా అప్పుడే వచ్చి నా నోరు కట్టేసింది. ఇవాళ్టికీ ఆ మనిషి గురించి ఏమనుకోవాలో నాకు తేలలేదు.

ఇంటికొచ్చి నేనే ఆయన పెదవికి మందు రాశాను.

"ఇక్కణ్ణుంచి వెళ్లిపోదామా?" అన్నాను.

"ఎక్కడికి?" అన్నాడు. ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగాడు. నేను మందు మూత బిగించాను.

తర్వాత చాలా రోజులు ఆయన హ్యాంగర్‌కి వెళ్లడం, రావడం తప్ప గడప దాటలేదు. పిల్లని ఆటోలో పంపాం. వీధిలో బైకు ఆగిన చప్పుడైతే ముగ్గురం మాట ఆపేసేవాళ్లం. ఎవరు ముందు మొదలుపెట్టారో కానీ అదొక అలవాటైపోయింది.

దాన్ని ఇంటావిడే కనిపెట్టింది. ఒక సాయంత్రం మెట్ల కింద నిలబడి కేక వేసింది. "ఏందయ్యా, ఆడోళ్ల లెక్క ఇంట్ల కూసున్నవ్! కిందికి రా." ఆయనకి మాటలు అర్థం కాలేదు, పిలుపు అర్థమైంది. దిగాడు. ఆవిడ ఆయన చేతికి పాల క్యాన్ ఇచ్చి, తను ముందు నడిచింది. పాల కేంద్రం దాకా, దారిలో ప్రతి అరుగు దగ్గరా ఆగి, అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ "మా పైన ఉంటడు, విమానాలు బాగు చేస్తడు" అని చెప్పుకుంటూ వెళ్లింది. మర్నాడూ అదే. ఆ తర్వాత రోజూ అదే. నేను మేడ మీద నిలబడి, వాళ్లు మలుపు తిరిగేదాకా చూసేదాన్ని. తిరిగి కనపడేదాకా లోపలికి వెళ్లేదాన్ని కాదు.

కొన్ని వారాలకి ఆయన క్యాన్ పట్టుకుని ఒక్కడే వెళ్లాడు. ఆ రోజు నేను వంట మాడ్చాను. ఆయన వచ్చి, రసం బండావిడ తనని ఆపి గ్లాసు నిండా రసం ఇచ్చిందని, తాగకపోతే బాగుండదని తాగానని చెప్పాడు.

ఇప్పుడు అమ్మాయి మూడో తరగతి. "నాకు తెల్వది పో" అంటుంది నాతో. భీమవరం ఫోన్ చేస్తే మా అమ్మకి దాని మాట సగం అర్థం కాదు. ఆయన ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్ ప్రతిసారీ పొడిగించుకోవాలి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర పట్టదు. బడి వదిలే వేళకి నేను ఏ వార్డులో ఉన్నా ఫోన్ జేబులోంచి చేతిలోకి వస్తుంది.

మొన్న వానలకి హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారంటే చూడ్డానికి కొత్వాల్‌గూడ వైపు వెళ్లాం. జనం బాగా వచ్చారు. కనపడటం లేదని పిల్ల గోల చేస్తే, పెద్దదైపోయినా ఆయన దాన్ని భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. అంతమంది మధ్య అలా నిలబడటం చూసి నేను నీళ్లు చూడటం మానేసి చుట్టూ ముఖాలు చూస్తున్నాను. పక్కనున్న ముసలావిడ ఒకామె ఆయన్ని, పిల్లని, మళ్లీ ఆయన్ని ఎగాదిగా చూసింది. నేను ఆయన పక్కకి జరిగాను.

"ఏ ఊరు బిడ్డా మీది?"

నేను నోరు తెరిచేలోపే ఆయన, "సాతంరాయి" అన్నాడు. 'రాయి'ని సాగదీశాడు కానీ, అన్నాడు.

"సాతంరాయిల యాడ?"

అంతవరకు ఆయనకి రాదు. నా వైపు చూశాడు. నేను చెప్పాను. ఆవిడ "ఆఁ, ఎరికే" అని, నీళ్ల వైపు తిరిగింది.