ఆయన ఒంట్లో నడిచిన సమ్మె

"కండువ ఏడ పెట్టినవే?"

"తీగె మీద ఆరుతుంది, కండ్లు తెరిచి చూడు. వచ్చేటప్పుడు కొత్తిమీర తే."

ఇవే మా ఇద్దరి ఆఖరి మాటలు. కొత్తిమీర రాలేదు.

మా ఆయనకు బీపీ. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పుడు జనగామ డాక్టరు ఆవేశం వద్దన్నాడు, దీక్షా శిబిరం అసలే వద్దన్నాడు. నేను టీవీ వైరు తీసి బియ్యం డబ్బాలో దాచాను. ఆయన మంచం మీద కూర్చుని ఇంటి దూలాన్ని తిట్టేవాడు. దూలం అయిపోతే నన్ను.

అప్పుడే సైకిలు గీరుకుని పిక్క మీద పుండైంది. మానదు. మహబూబాబాద్ నుంచి మా అన్న పంపిన పసరు పూసినా చీము ఆగలేదు. చేతికి పట్టీ చుట్టి చూస్తే బీపీ ఇంకా పైకెక్కింది. మళ్లీ డాక్టరు దగ్గరికి పోయాం. షుగరు లేదన్నాడు.

"మనసు కుతకుతలాడుతుంటే గుండె ఉరుకుతదమ్మా. పుండు మాన్పే బలగం గూడ సరిగ పనిచెయ్యది."

"అంటే ఈయన ఒంట్ల గూడ సమ్మెనేనా సారూ?"

డాక్టరు నవ్వాడు. "అట్లనే అనుకో. గోళీలు మానకుండ, అరవకుండ, శిబిరంల జర సేపు నీడల కూసొని రమ్మను."

పంపాను. లోకం ముచ్చట్లన్నీ మోసుకొచ్చేవాడు, అన్నం తినేవాడు, గుర్రుపెట్టి పడుకునేవాడు. పుండు ఎండింది. బీపీ దిగింది. గోళీల వల్లనో ముచ్చట్ల వల్లనో నాకు తెలియదు.

ఆ కొత్తిమీర రోజు శిబిరంలోనే, చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే, పక్కకు ఒరిగాడు. గుండె ఆగిందన్నారు. నా చారు మీద జోకేస్తున్నాడట అప్పుడు.

భూపాలపల్లి బొగ్గుబావి నుంచి మరిది వచ్చి, శవం ముందరే అన్నాడు: "నువ్వే పంపి సంపినవు వదినే."

"ఇంట్ల కట్టేస్తే బతుకునా? నువ్వు చూసినవా?"

తర్వాత డాక్టరునూ అడిగాను. ఇంట్లో ఉన్నా ఆగేదేమో, చెప్పలేమన్నాడు. నేనైతే మళ్లీ పంపుతాను. పుండుతో, తిట్లతో మూలన పడున్న మనిషిని చూసింది నేను, మరిది కాదు.

ఏందే, కలం ఆపినవు? మీ నాయిన, అదే నా మరిది, అన్న మాటనే గద. ఉన్నదున్నట్టు రాయి, నా జవాబు గూడ రాయి. రాసినవా? ఏదీ, జర గట్టిగ చదువు బిడ్డా.