బాయిలర్ గైడుకు పీఠాధిపతి

ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆవిడను ఆ పరాయి దేశపు ఊళ్ళోని మన తెలుగువాళ్ళందరూ ఇస్త్రీ అక్కయ్య అనేవారు. ఆవిడ ఇస్త్రీ చేసేది చేతిపెట్టెతో కాదు, డబుల్ కాట్ మంచమంత ఆవిరి ప్రెస్సుతో. తడి దుప్పటి ఒక వైపు నుంచి లోపలికి వెళ్ళి, రెండో వైపు నుంచి కాల్చిన అప్పడంలా బయటికి వచ్చేది. రోజుకు ఎనిమిది వందల దుప్పట్లు. నాలుగేళ్ళుగా అదే పని.

ఆ ప్రెస్సుకు ఆవిరి కింది అంతస్తులోని బాయిలర్ నుంచి వచ్చేది. బాయిలర్‌కు ముప్ఫై ఏళ్ళుగా ఒక ముసలాయన కాపలా. ఆయన ఎండాకాలం చివర్లో రిటైరవుతున్నాడు. సర్టిఫికెట్టు ఉన్న మనిషి పక్కన లేకుండా బాయిలర్ వెలిగించడం ఆ దేశంలో నేరం. అలాంటి మనిషి కోసం ఏడాదిపాటు వెతికి విసిగిపోయిన మేనేజరు, ఒకరోజు పనివాళ్ళందరినీ నిలబెట్టి విషయం చెప్పేశాడు. మీలో ఎవరైనా పరీక్ష పాసైతే ఆ ఉద్యోగం వాళ్ళదే. ఎవరూ పాసవకపోతే ముసలాయన వెళ్ళినరోజే లాండ్రీకి తాళం.

లాండ్రీకి తాళం పడితే అక్కయ్యకు ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే ఆ దేశంలో ఉండడానికి కాగితం లేదు. ఆవిడ కాగితాన్ని పట్టుకుని భర్త కాగితమూ, ఎనిమిదో క్లాసు కూతురి కాగితమూ వేలాడుతున్నాయి. భర్త సిటీ బస్సుల డిపోలో బస్సులు కడుగుతాడు. అక్కయ్యకు భర్త గనక ఊరందరికీ ఆయన బావగారు.

అందరూ నేల చూపులు చూస్తూ ఉంటే అక్కయ్య చెయ్యెత్తింది. అది ధైర్యం కాదు. ఆవిడ తండ్రి ఒక మిల్లులో బాయిలర్ మనిషి. చిన్నప్పుడు ఆయనకు క్యారియరు తీసుకెళ్ళి, ఆయన తిని గిన్నెలు ఇచ్చేదాకా అని కూర్చుని, సాయంత్రందాకా అక్కడే ఉండిపోయేది. బాయిలర్ ఎప్పుడు ఆకలితో ఉందో, ఎప్పుడు అలిగిందో చప్పుడు విని చెప్పగలదు. కాకపోతే ఆ చెప్పడం తెలుగులో. పరీక్ష ఆ దేశపు భాషలో గానీ, ఇంగ్లీషులో గానీ రాయాలి. మొదటిది బజారు చేసుకోవడానికి సరిపోయేంత వచ్చు. రెండోది పదో క్లాసులో గట్టెక్కడానికి సరిపోయేంత వచ్చేది. పరీక్షకు ఇంకా ఏడు వారాలు.

ముందు పరీక్షల ఆఫీసుకు వెళ్ళింది. ఇంగ్లీషులో రాసుకోవడం విదేశీయుల హక్కు అన్నాడు గుమాస్తా, హక్కును తనే మంజూరు చేస్తున్నంత ఠీవిగా. చదువుకోవడానికి ఇంగ్లీషు గైడు ఉందా అంటే, ఉండేదన్నాడు. కాపీలు అయిపోయాయి. గిరాకీ ఉంటే మళ్ళీ అచ్చు వేస్తారు. గిరాకీ ఉన్న సంగతి ఎవరికి చెప్పుకోవాలంటే, తనకే అన్నాడు. అక్కయ్య చెప్పుకుంది. గుమాస్తా రాసుకున్నాడు. ఆ రాసుకోవడంతో ప్రభుత్వం తరఫున జరగవలసిన కార్యక్రమం సంపూర్ణమైంది.

తర్వాత పుస్తకాల షాపు. ఇంగ్లీషు పుస్తకాలకు మెట్ల కింద ఒక అర కేటాయించారు. అందులో హత్యలున్నాయి, పొట్ట తగ్గించే మార్గాలున్నాయి, గుహలు చూసేవాళ్ళకు గైడు ఉంది. బాయిలర్లు చూసేవాళ్ళకు లేదు. లైబ్రరీలో ఇంగ్లీషు విభాగం ఇంకాస్త గంభీరమైనది: పక్షుల మీద ఒక పుస్తకం, ఎనిమిది సంపుటాల విజ్ఞాన సర్వస్వంలో ఐదో సంపుటం. బాయిలర్ మొదటి సంపుటంలో ఉండి ఉంటుందని లైబ్రేరియన్ సానుభూతి తెలిపింది. పాత సామాన్ల కొట్టువాడు ఇంగ్లీషు అనగానే సంబరంగా లోపలికి వెళ్ళి, బట్టలుతికే మెషీను వాడే విధానం తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ ఊళ్ళో ఉతకడం గురించి ఆవిడకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు.

చివరికి కబురు మనవాళ్ళ కిరాణా కొట్లో తెలిసింది. పప్పు తూస్తూ కొట్టాయన చెప్పిందేమిటంటే, ఆ గైడు ఊరంతటికీ ఒకే ఒక్క కాపీ ఉంది. ఎప్పుడో ఎవరో వెళ్ళిపోతూ మనవాళ్ళకు వదిలి వెళ్ళారు. దానికొక కట్టుబాటు ఉంది: పాసైనవాడు తర్వాతివాడికి ఇచ్చెయ్యాలి, తప్పినవాడు పాసయ్యేదాకా ఉంచుకోవచ్చు. ఈ కట్టుబాటు చేసినవాడు దయామయుడే అయి ఉండాలి, కానీ ముందుచూపు ఉన్నవాడు కాదు. తెలివైనవాళ్ళ చేతుల్లో పుస్తకం నెల తిరక్కుండా ముందుకు పోయి, తప్పేవాడి దగ్గరికి చేరాక అక్కడే స్థిరపడింది. ప్రస్తుతం అది పాల ఫ్యాక్టరీలో సీసాలు కడిగే ఒకతని దగ్గర ఉంది. అతను ఐదుసార్లు తప్పాడు. ఊళ్ళో అతన్ని పీఠాధిపతి అంటారు.

జిరాక్సు తీసుకుంటే పోదా అని అక్కయ్య అడిగింది. కొట్టాయన తూకం ఆపి గొంతు తగ్గించాడు. ఆ ముచ్చటా జరిగింది. నలుగురు జిరాక్సు తీసుకున్నారు, నలుగురూ తప్పారు. ఆ పుస్తకానికి జిరాక్సు పడదని అప్పుడే తేలిపోయింది.

ఆ ఆదివారం భార్యాభర్తలు దర్శనానికి వెళ్ళారు. మూడో అంతస్తులో ఒక గది. మంచం, కుర్చీ, ఒంటి పొయ్యి, కిటికీ దగ్గర ఆరేసిన తువ్వాలు. పుస్తకం అట్ట వేసుకుని, ఇస్త్రీ చేసిన చొక్కాల మధ్య పెట్టెలో ఉంది. పీఠాధిపతికి ముప్ఫై నాలుగేళ్ళు. ఇంగ్లీషులో ఎమ్మే. రెండు వందల పన్నెండు పేజీలూ కంఠతా వచ్చు. సీసాలు కడిగే పని నుంచి బాయిలర్ పనికి మారితే జీతం పెరుగుతుందనీ, సంబంధాలు చూడ్డానికి మొహం చెల్లుతుందనీ అతని ఆశ. పుస్తకం ఇవ్వడానికి వీల్లేదన్నాడు, మర్యాదగానే. అదీ కట్టుబాటే.

అక్కయ్య బతిమాలలేదు. రాతపరీక్షలో ఎన్ని వచ్చాయని అడిగింది.

"పోయినసారి తొంభై ఆరండీ. అంతకుముందు తొంభై నాలుగు."

"మరి ఎక్కడ పోతోంది బాబూ?"

అతను తువ్వాలు సర్దాడు. రాత అయ్యాక బాయిలర్ దగ్గర నిలబెట్టి పరీక్ష చేస్తారని చెప్పాడు. రెండూ ఒకేరోజు పాసవ్వాలి. పరీక్ష చేసే ఆయన సేఫ్టీ వాల్వు మీట ఎత్తుతాడు, ఆవిరి బుస్సుమంటుంది. ఆ తర్వాత ఏం జరిగిందో తనకు సరిగ్గా గుర్తుండదనీ, గుర్తొచ్చేసరికి గేటు బయట ఉంటాననీ చెప్పాడు.

"ఐదుసార్లూనా?" అన్నారు బావగారు.

"నాలుగోసారి గేటు మూసేశారండీ. గోడ దూకాను."

అక్కయ్య పొయ్యి వైపు చూసింది. దాని మీద మూత లేని గిన్నెలో అన్నం ఉడుకుతోంది. కుక్కర్ లేదా అని అడిగింది. ఆ చప్పుడు తనకు పడదన్నాడు. అప్పుడే ఆవిడకు సంగతి అర్థమైంది. పుస్తకం గది దాటకూడదని కట్టుబాటులో ఉందా అని అడిగింది. లేదు, మనిషిని దాటకూడదని మాత్రమే ఉంది. అయితే మనిషీ పుస్తకమూ కలిసి వచ్చే ఆదివారం తమ ఇంటికి భోజనానికి రావాలని పిలిచింది.

మొదటి ఆదివారం అతను వంటగదిలో కూర్చుని, గొంతు సవరించుకుని, మొదటి అధ్యాయం చదవడం మొదలుపెట్టాడు. చక్కగా చదివేవాడు. అక్కయ్యకు నాలుగు మాటల్లో ఒకటి తెలిసేది. ఇంతలో కుక్కర్ మొదటి విజిల్ వేసింది. వంటగదిలో కుర్చీ ఖాళీ. వెతికితే రెండంతస్తుల కింద మెట్ల మీద దొరికాడు, పుస్తకం గుండెలకు హత్తుకుని.

"పుస్తకం మాత్రం వదల్లేదోయ్," అన్నారు బావగారు, భార్య వైపు తిరిగి. "బాధ్యత గల మనిషే."

రెండో ఆదివారం ఒక అంతస్తే దిగాడు. మూడో ఆదివారం గుమ్మం దగ్గర ఆగాడు. విజిళ్ళు లెక్కపెట్టే బాధ్యత అక్కయ్య అతనికి అప్పగించింది. లెక్క తప్పితే పప్పు చెడుతుంది, పప్పు చెడితే కూతురు ఊరుకోదు. పారిపోయేవాడు లెక్కపెట్టలేడు గనక అతను ఆగిపోవాల్సి వచ్చింది.

చదువు కూడా అలాగే దారిలో పడింది. అనుమతించిన పీడనాన్ని మించిన ఆవిరిని స్వయంచాలకంగా విడుదల చేసే ఉపకరణం గురించి అతను పదకొండు పంక్తులు చదివి, తెలుగులో విడమరిచి చెప్పాడు. అక్కయ్య విని, "అంటే వెయిట్ లేచిందన్నమాట," అంది. అతను మళ్ళీ పుస్తకంలోకి చూశాడు. గ్రంథకర్త చెప్పిందీ అదే. నీళ్ళు అడుగంటితే మంట ఆపాలి గానీ చన్నీళ్ళు పొయ్యకూడదన్న అధ్యాయానికి, మాడిన కుక్కర్‌ని కుళాయి కింద పెడితే ఏమవుతుందో ఆవిడ చెప్పింది. ఎమ్మే చదివినప్పుడు కూడా కలగని జ్ఞానం లాంటిది అతని ముఖంలో ఆ రోజు మొదటిసారి కదిలింది. తను బట్టీ పట్టిందంతా ఏదో ఒక వస్తువు గురించి అని అతనికి అప్పటిదాకా తట్టలేదు.

నాలుగో ఆదివారం ఒక చిక్కు వచ్చింది. ఆ నలుగురిలో ఒకడు వదిలేసి పోయిన జిరాక్సు కట్ట తన దగ్గరే ఉందని అతను మాటల్లో చెప్పి, ఆ సాయంత్రమే తెచ్చి చూపించాడు. అక్కయ్య నాలుగు కాగితాలు తిప్పింది.

"తమ్ముడూ, ఇందులో రెండో పేజీ ఏది?"

లేదు. నాలుగో పేజీ లేదు, ఆరో పేజీ కూడా లేదు. షాపువాడు కుడివైపు పేజీలు మాత్రమే తీశాడు. నలుగురు మనుషులు నాలుగు నెలలపాటు సగం పుస్తకం చదివారు. ఒక పేజీ చివరి వాక్యానికీ తర్వాతి పేజీ మొదటి వాక్యానికీ పొంతన లేకపోతే, ఇంగ్లీషు అంటే అలాగే ఉంటుంది కాబోలనుకున్నారు.

బావగారు అంతసేపు నవ్వడం ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. పీఠాధిపతి మాత్రం నవ్వలేదు. రెండు వైపులా తీయిస్తే అరగంటలో పని అయిపోతుంది, ఇక తనతో ఎవరికీ అవసరం లేదు. ఆ సంగతి అతని ముఖం మీదే కనిపిస్తోంది. పుస్తకాన్ని బల్ల మీద అక్కయ్య వైపు నెమ్మదిగా జరిపాడు.

"తీయించుకోండి అక్కయ్యా. మీకు టైం లేదు కదా."

అక్కయ్య దాన్ని అతని వైపు తిరిగి నెట్టింది.

"కాగితాన్ని తీసుకెళ్ళి నేనేం చేసుకోను? నువ్వు చదివితేనే నాకు తలకెక్కుతోంది. అయినా నువ్వింకా గుమ్మం దగ్గరే ఉన్నావు. చదువు."

ఆ రోజు నుంచి ఆదివారాలు చాల్లేదు. అతను పని దిగి సాయంత్రాలు కూడా రావడం మొదలుపెట్టాడు. కూతురు ప్రశ్నలు అడిగేది, అతను ఇంగ్లీషులో జవాబు చెప్పేవాడు, అక్కయ్య దాన్ని మూడుసార్లు రాసేది. రోజంతా దుప్పట్లు పట్టిన వేళ్ళు పెన్ను పట్టడానికి మొరాయించేవి. ఆరో వారానికి అతను విజిల్ వేస్తున్న కుక్కర్ పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరిగాడు. కళ్ళ నీళ్ళు ఉల్లిపాయలవేనని చెప్పాడు.

పరీక్షనాడు పొద్దున్నే అక్కయ్య, బావగారు, పీఠాధిపతి ముగ్గురూ బస్సులో వెళ్ళారు. ఆ బస్సు నిన్న తను కడిగిందేనని బావగారు చెప్పారు, ధైర్యం చెప్పడానికి వేరే ఏమీ తోచక.

రాతపరీక్ష మూడు గంటలు. నలభై ప్రశ్నల్లో ఏడింటిని అక్కయ్య ముట్టుకోనే లేదు. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుని, ఏడు ప్రశ్నలు పోతే ఎన్ని మార్కులు పోతాయో వేళ్ళ మీద లెక్కపెట్టి, ఆ లెక్క నచ్చక మళ్ళీ మొదలుపెట్టింది. బావగారు సీసా అందిస్తే నీళ్ళు తాగడం మర్చిపోయి సీసాను అలాగే పట్టుకుంది.

బాయిలర్ గదిలో ముందు ఆవిడ వంతు. పరీక్ష చేసే ఆయన నీటిమట్టం చూపే గాజు గొట్టం వైపు వేలు పెట్టి, నీళ్ళు సరిపడా ఉన్నాయా అని అడిగాడు. గాజులో నీళ్ళు సగందాకా ఉన్నాయి. ఉన్నాయని చెబితే సరిపోయేదే. కానీ అంత మంట మీద నీళ్ళు ఏమాత్రం కదలకుండా నిలబడడం ఆవిడకు నచ్చలేదు. గాజు అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పి నీళ్ళు వదిలేసింది. కుళాయి కట్టేసినా గాజులోకి నీళ్ళు తిరిగి రాలేదు. బాయిలర్ నుంచి గాజుకు నీళ్ళొచ్చే దారిని ఆయనే ముందుగా మూసి ఉంచాడు. ఆవిడ దాన్ని తెరిచింది, మట్టం మళ్ళీ చూసింది, అప్పుడు ఉన్నాయని చెప్పింది. ఆయన ఇంకేమీ అడగకుండా కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

తర్వాత పీఠాధిపతి. ఆరోసారి వచ్చిన అభ్యర్థిని చూసి ఆయన ముందు లేచి వెళ్ళి గేటు తెరిచి వచ్చాడు. అది వెటకారమో దయో తెలియదు. మీట ఎత్తాడు. గదంతా బుస్సుమంది. అక్కయ్య కిటికీలోంచి చూస్తోంది. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. కాళ్ళు మాత్రం కదల్లేదు. వాల్వు ఎంత పీడనం దగ్గర లేచి, ఎంత దగ్గర మూసుకోవాలో అడిగితే, కళ్ళు తెరవకుండానే పేజీ నంబరుతో సహా చెప్పాడు. కళ్ళు ఎందుకు మూశావని ఆయన అడిగాడు. మూయకూడదని పుస్తకంలో లేదన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి, లేదని ఒప్పుకున్నాడు.

ఫలితాలు సాయంత్రం నాలుగింటికి వరండాలో అంటించారు. పీఠాధిపతికి తొంభై ఐదు. అక్కయ్యకు అరవై నాలుగు. అరవై వస్తే చాలు. ఆవిడ తన పేరును, నంబరును, మళ్ళీ పేరును చూసుకుంది. నమ్మకం కుదరక బావగారి చేత చదివించింది. ఆయన చదివి, ఆవిడ చేతిలోని సీసా తీసుకుని తనే తాగేశారు. గోడకు ఆనుకుని నిలబడిన అక్కయ్యకు, ఏడు వారాలుగా భుజాలు చెవులదాకా ఎత్తుకుని తిరుగుతున్నానని అప్పుడు తెలిసింది, అవి దిగాయి గనక. పీఠాధిపతి పక్కకు వెళ్ళి వాళ్ళ అమ్మకు ఫోను చేశాడు. పాసయ్యానని నాలుగుసార్లు చెప్పాడు. అవతల నాలుగుసార్లూ ఏ పరీక్ష అని అడిగినట్టుంది.

వారం తిరక్కుండా పీఠం రద్దయింది. అతనే దగ్గరుండి పుస్తకాన్ని రెండు వైపులా జిరాక్సు తీయించి, ఇరవై కట్టలు కిరాణా కొట్లో పెట్టాడు. కొట్టాయన ఒకటి విప్పి, రెండో పేజీ ఉందో లేదో చూసుకున్నాకే లోపలికి రానిచ్చాడు.

ముసలాయన శుక్రవారం తాళాలు ఇచ్చి వెళ్ళాడు. సోమవారం ఆరింటికి అక్కయ్య బాయిలర్ గదిలోకి దిగింది. సర్టిఫికెట్టును మేనేజరు అప్పటికే గోడకు తగిలించాడు. ఆవిడ నీటిమట్టం చూసింది, వదిలి మళ్ళీ చూసింది, మంట వెలిగించి స్టూలు మీద కూర్చుంది. పైన ప్రెస్సు దగ్గర ఆవిడ చోటులోకి వచ్చిన కొత్తమ్మాయి మెట్ల మీంచి వంగి, వచ్చీరాని ఆ దేశపు మాటల్లో, ఆవిరి ఇంకా రాలేదేమని అడిగింది.

"వస్తుంది, ఉండమ్మా," అంది అక్కయ్య తెలుగులోనే. ఆ అమ్మాయికి తెలుగు రాదు. అయినా వెనక్కి వెళ్ళి, మొదటి దుప్పటి పరిచి, చేతులు కట్టుకుని నిలబడింది.