కప్పడానికి రాని చేతులు

మా ఊళ్ళో చివరికి మిగిలిన గుండ్రటి ఇల్లు మా పెద్దత్తది. ఆవిడ మా ఆయనకి పెద్దమ్మ. పిల్లల్లేరు. నా పెళ్ళినాటికే మొగుడు పోయి ఒంటరిగా ఉండేది. ఒకప్పుడు మా గదబవాళ్ళందరివీ అలాంటి ఇళ్ళే. చుట్టూ మట్టిగోడ, నడుమ కప్పు మోసే గుంజ ఒక నిట్రాట, దాని మీంచి గొడుగులా దిగే గడ్డికప్పు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే ఎంతటి మొనగాడైనా నడుం వంచే లోపలికి వెళ్ళాలి. నేను హుకుంపేట వైపు నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో అలాంటివి ఇంకా చాలానే ఉండేవి. తరువాత ఒక్కొక్కటే పోయాయి, ఎందుకంటే మేం ఇళ్ళు కట్టించాం.

మా ఆడవాళ్ళం సంఘం పెట్టుకున్నది తొంభైల్లో. నేను మూడో తరగతి దాటలేదు గానీ విన్న మాట మరిచిపోను, ఎవరినైనా అడగడానికి సిగ్గుపడను, అందుకని నన్నే ముందు నిలబెట్టారు. మండలాఫీసు చుట్టూ తిరిగి గవర్నమెంటు ఇళ్ళు రాబట్టుకోవడం, మేమే రాయీ మట్టీ మోసి కూలి ఖర్చు తగ్గించుకోవడం, గూడు లేనివాళ్ళకి ముందు వచ్చేలా చూడటం, ఇదే మా పని. బళ్ళో చేసి రిటైరైన ఒక మాస్టారు అప్పుడప్పుడూ వచ్చి మా ముసలివాళ్ళ పాత సంగతులు టేపులో పట్టుకునేవారు. “ఇళ్ళు కట్టండమ్మా, కాదనను. మీ తాతలు ఎలా బతికారో చెప్పేందుకు పాతిల్లు ఒక్కటైనా ఉంచండి” అన్నారాయన. మాకూ నిజమేననిపించింది. పెద్దత్త ఇంటిని ఉంచాలనుకుని ముందర సంఘం పేరుతో బోర్డు కట్టాం. బొర్రా గుహలు చూడటానికి వచ్చినవాళ్ళు జీపు మళ్ళించుకుని వచ్చి ఫొటోలు తీసుకునేవారు.

పెద్దత్త గడప మీద కూర్చుని వాళ్ళని ఎగాదిగా చూసేది. “ఏటే కోడలా, ఈళ్ళ ఊర్లో ముసిలోళ్ళు నేరేటి? నన్ను సూడ్డానికి ఇంత దూరం వత్తారు!”

ఆ ఇంటికి రెండు మూడేళ్ళకోసారి కప్పు మార్చాలి. పాత రోజుల్లో అదొక పండగ. ఇవాళ నీ ఇల్లు కప్పితే రేపు నా ఇల్లు. ఊరంతా కొండెక్కి గడ్డి కోసేది, మగాళ్ళు అడ్డతీగ నారతో కట్టేవాళ్ళు, ఇంటివాళ్ళు రాగులతో కాచిన చోడంబలీ కల్లూ పోసేవాళ్ళు. దాన్ని బదులు పని అనేవాళ్ళం. చేసినవాడికి చేయడమే తప్ప చేతికి ఇచ్చేదేమీ ఉండదు.

మేం కట్టించిన ఇళ్ళన్నిటికీ రేకులే. వాటికి గడ్డి అక్కర్లేదు. ఒక్క ఇంటికి తప్ప ఎవరికీ గడ్డి అక్కర్లేని ఊళ్ళో బదులు పని ఎలా నడుస్తుంది? ఆ సంగతి మాకు ఎవరికీ తట్టలేదు. పెద్దత్త కప్పు నల్లబడి కుళ్ళి, పొయ్యి మీదికే ధార కట్టిన ఏడాది గానీ నాకు తెలిసిరాలేదు.

ఆ వానలు పోయి వేసవి రాగానే ఇంటింటికీ తిరిగాను. మొదట వెళ్ళింది మా ఆయన పినతండ్రి కొడుకు ఇంటికి.

“ఒక్క పూట రా మరిదీ. వానలొస్తే ముసలిది తడిసిపోతాది.”

“వత్తాను వదినా, మరి నా ఇంటికి ఎవలొత్తారు? నాకు రేకులు ఏయించినావు గదా, నీ పుణ్యమా అని! గడ్డెక్కడుంది, సెప్పు? కొండంతా కాఫీ తోటలే గదా?”

అదీ నిజమే. గడ్డి పెరిగే వాలులన్నీ కాఫీకీ సిల్వరోకు చెట్లకీ పోయాయి. పక్కింటామె ఇంకా సూటిగా అంది. “బోర్డు సంగానిది, ఇల్లూ సంగానిదే. సంగమే కప్పుకోవాల.”

దూరం పోయి నేనూ మా ఆయనా కోసుకొచ్చిన గడ్డి చూరుకి కూడా చాలలేదు.

ఇక కొత్తిల్లే దిక్కనుకుని మండలాఫీసుకి వెళ్ళాను. ఇళ్ళు చూసే ఇంజినీరు చిన్నవాడే, మర్యాదగానే మాట్లాడాడు.

“వేరే జాగా ఉందామ్మా?”

“లేదయ్యా. ముందు పారే గెడ్డ, వెనక ఫారెస్టోళ్ళ హద్దు రాళ్ళు.”

“అయితే పాతది తీసేసి అక్కడే కట్టాలి.”

“గుండ్రంగా కట్టుకుంటామయ్యా, పైన రేకులేసుకుంటాం.”

ఆయన నవ్వాడు. “మా ప్లాను నలుచదరం, గుండ్రంగా కడితే నేను బిల్లెలా రాయనమ్మా? చూడండి, వానలు ముదిరితే సిమెంటు లారీ పైకి రాదు. ఏదో ఒకటి త్వరగా తేల్చుకోండి.”

సంఘంలో పెద్ద గొడవయింది. చరిత్రకని ఉంచింది మనమే పడగొడితే మాస్టారికి ఏం చెబుతామని కొందరు, మనిషి పోయాక చరిత్ర ఎవరికని కొందరు. నాకు రెండూ భయమే. ఉంచితే ఆవిడ తడిసి చస్తుంది. తీసేశాక గోడలు లేవకముందే వానలొస్తే ఆ తడిసే కప్పు కూడా ఉండదు. ఎటు చూసినా ఆవిడ నెత్తి మీదే పడుతోంది.

అంతసేపూ మూల కూర్చుని దగ్గుతున్న పెద్దత్త లేచింది. “అందరూ అరిసినారు. ఉండేదాన్ని నన్నడిగినోలు నేరు. తీసేయండి. నాకూ రేకులు కావాల. నాను మాత్రం మనిసిని కానేటి?”

తీసేసే రోజున నేను ఎవరినీ పిలవలేదు. అయినా ఊరంతా వచ్చింది. కప్పడానికి రాని చేతులన్నీ విప్పడానికి వచ్చాయి. పొగ పట్టిన వెదుళ్ళకి పురుగు పట్టదు కదా, దడులకి పనికొస్తాయని ఒకరు, వాసాలు పొయ్యిలోకని ఒకరు, కుళ్ళిన గడ్డి అల్లం మళ్ళకని మరొకరు. నవ్వుకుంటూ, కేకలేసుకుంటూ, అచ్చం పాత రోజుల్లాగే పనిచేశారు.

మరిది వెదుళ్ళ మోపు భుజానికెత్తుకున్నాడు. పెద్దత్త ఎదురెళ్ళింది.

“ఒరే గుంటడా, నీ అమ్మ నిన్ను కన్న యేడు మీ కప్పుకి గడ్డి కోసినాను. ఎరికేనా?”

“ఎరికే పెద్దమ్మా” అన్నాడు వాడు. తల దించుకున్నాడు గానీ మోపు దించలేదు.

నిట్రాటని మాత్రం ఆవిడ ముట్టుకోనివ్వలేదు. చచ్చిపోయిన మొగుడికి రోజూ దాని మొదట్లోనే మొదటి ముద్ద పెట్టేది. “కొత్త గోడలు లెగనీ, అప్పుడు ఆయన్ని లోపలికి పిలుసుకుంతాను. అందాకా ఇక్కడే ఉంతాడు” అంది.

పునాది తవ్వాం. రాయి తెచ్చి పోశాం. సిమెంటు లారీ ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అంటుండగానే ఆ ఏడు వాన ముందే దిగింది. ఘాటీ రోడ్డు మీద కొండ విరిగి పడిందన్నారు. మేస్త్రీ తాపీ సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వానలు తగ్గేదాకా పనిలేదన్నాడు. పునాది గోతుల్లో ఎర్రనీళ్ళు నిలిచాయి.

అన్నాళ్ళూ నిట్రాట పక్కనే ఆరుబయట పడుకున్న పెద్దత్తని మా వరండాలోకి తెచ్చుకున్నాను. ఒక పూట ఉంది. తెల్లారి చూస్తే లేదు. వెళ్ళి చూద్దును గదా, నెత్తిన గోనె కప్పుకుని నిట్రాట మొదట్లో కూర్చుని ఉంది.

“ఏటి సేత్తన్నావు పెద్దత్తా? సచ్చిపోతావే!”

“ఆయనకి కూడెవలు పెడతారు?”

“మా ఇంట్లో పెట్టవే!”

“మీ ఇల్లు ఆయనకి ఎరిక నేదు.”

బతిమాలాను, తిట్టాను, చెయ్యి పట్టి లాగాను. కట్టెలా బిగుసుకుపోయింది. ఎంతమందికో ఇళ్ళు కట్టించానని పేరున్నదాన్ని, ఒక్క మనిషి నెత్తి మీదికి ఇంత నీడ తేలేక అక్కడే ఆ బురదలో కూలబడి ఏడ్చాను. ఏడిస్తే వాన ఆగుతుందా? లేచి ఇంటికి వెళ్ళి మా ఆవు సాల మీది రేకులు ఊడదీయడం మొదలెట్టాను.

“ఆవుని నీ నెత్తి మీద కట్టుకుంతావేటే?” అని అరిచాడు మా ఆయన. అరుస్తూనే అవతలి కొస పట్టుకున్నాడు. ఆవుని వరండాలో కట్టేశాం.

నిట్రాటకి రేకులు ఆనించి, గాలికి ఎగరకుండా పునాది రాళ్ళు పెట్టాం. కింద ఒక మనిషి ముడుచుకుని కూర్చునేంత చోటు. ఇద్దరికి చాలదు. గోడల్లేవు, నాలుగు వైపుల నుంచీ జల్లు. నేను మా పొయ్యిలోంచి నిప్పు తెచ్చాను. పొగ తప్ప మంట రాలేదు చాలాసేపు. పెద్దత్త ఎలాగో అంబలి కాచింది. చిక్కగా ఉన్న మొదటి ముద్ద తీసి నిట్రాట మొదట్లో ఆయనకి పెట్టింది. వాన దాన్ని వెంటనే కరిగించి తీసుకుపోయింది.

మిగిలింది డొప్పలో పోసి, బయట నిలబడి తడుస్తున్న నాకు అందించింది.

“తాగు కోడలా. బేగి తాగు, నీళ్ళు పడతన్నాయి.”