షాద్లీ నమ్మని రెండు గొట్టాలు

ఆ రోజు విమానాల షెడ్డులో మెకానిక్ షాద్లీ అరుస్తుంటే నా కుట్టుమిషన్ చప్పుడు నాకే వినపడలేదు.

“గాల్లో రెండు గొట్టాలు ఒకే వేగం చూపించాయి కదయ్యా! తేడా చెప్పిన ఆ మూడోదాన్ని విప్పు,” అన్నాడు మేస్త్రీ మహ్రెజ్.

“నువ్వూ మీ తమ్ముడూ ఒకే మాట చెప్తే నేను నమ్మెయ్యాలా? ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నోళ్లేగా!” అన్నాడు షాద్లీ.

షెడ్డంతా పకపకా నవ్వింది.

విమానం ముక్కు పక్కన గాలికి ఎదురుగా మూడు గొట్టాలుంటాయి, వేగం చెప్పడానికి. రెండిటి లెక్క కలిస్తే విమానం వాటినే నమ్మి మూడోదాన్ని పక్కన పెడుతుంది. షాద్లీ వాదన ఒకటే. ఆ రెండూ ఎడమ పక్కవి. నిలిపి ఉంచిన విమానాన్ని ఎడారి గాలి కొట్టింది ఆ పక్కనే. విప్పి చూస్తే రెండింట్లోనూ ఇసుకే! ఒంటరిగా మిగిలిన కుడి గొట్టమే నిజం చెప్పింది.

విమానం నిలిపినప్పుడు ఆ గొట్టాలకు కట్టే తొడుగులు గాలికి ఊడిపోయాయట. ట్యూనిస్‌లో ఆ ఎర్ర తొడుగులు కుట్టేది నేను. నా కుట్టు ఊడదు, కట్టడం చేతకానివాడి ముడి ఊడుతుంది. ఆ మాట మహ్రెజ్ మొహం మీదే అన్నాను. పాపం, అందరికీ చక్కెర అద్దిన వేడి బంబలోనీ గారెలు తెప్పించాడు.

గెలుపు షాద్లీ నెత్తికెక్కింది. ఇంట్లో కూరలో ఉప్పు సరిపోయిందా అని ముగ్గుర్ని విడివిడిగా అడిగేవాడు. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడితే ఆ సాక్ష్యం చెల్లదట! భార్య జొహ్రా గరిటె పట్టుకుని వెంటపడింది.

మొన్న నా బల్ల దగ్గర కూర్చుని సరదాగా సూదిలో దారం ఎక్కించబోయాడు. దారం మూడుసార్లు పక్కకే పోయింది.

“సూదికి కన్ను లేదా, నీకు లేదా?” అన్నాను.

ఈసారి నవ్వలేదు. “చూపు బాగానే ఉందని అమ్మా అంటోంది, జొహ్రా అంటోంది. ఇద్దరికీ నేనంటే ప్రాణం. ఒకే గాలి తగిలిన గొట్టాలు, ఖాల్తీ,” అన్నాడు. షెడ్డులో అందరికీ నేను ఖాల్తీనే, అంటే పిన్నినే.

“అయితే?”

“నీకు నా మీద జాలి లేదు కదా?”

“వీసమెత్తు లేదు.”

“అదే కావాలి. రోజూ నేను విమానం మీద చెయ్యి వేసే ముందు ఈ సూదిలో దారం ఎక్కించమను. ఎక్కకపోతే నన్నేం అడక్కు. నేరుగా మహ్రెజ్ దగ్గరికెళ్లి చెప్పెయ్.”