ఖాళీ సీటుతో లేచిపోయే బండి

చోడవరం స్టాండులో ఏసుపాదం ఆటో నిండేదాకా కదలదు. “అనకాపల్లి, ఒక్క సీటే” అని అతను అరుస్తూనే ఉంటాడు, లోపల ఇరుక్కుని కూర్చున్నవాళ్ళు తిట్టుకుంటూనే ఉంటారు. ఆఖరి సీటు దగ్గర మాత్రం మెత్తబడిపోతాడు. ఇచ్చినంతే ఇయ్యమని బతిమాలి మరీ ఎక్కించుకుంటాడు. ఖాళీగా పోయే సీటుకీ డీజిలు కాలుతుంది కాబట్టి వచ్చిందే లాభమన్నది ఇన్నేళ్ళ స్టీరింగు అతనికి నేర్పిన చదువు.

ఆ చదువే అతని కొంప ముంచబోయింది.

అతని భార్య శాలోమి చెల్లెలు ఎవాంజలిన్ హైదరాబాదులో కొత్త ఇంట్లోకి చేరుతూ ప్రార్థన పెట్టుకుంది. అక్కడ మొదటి పాట ఎత్తుకోవాల్సింది అక్కే. ఈసారి విమానంలోనే పంపిస్తానని ఏసుపాదం పెళ్ళానికి మాటిచ్చాడు. శాలోమి ఆ మాటని చర్చిలో స్త్రీల సమాజం మొత్తానికీ చెప్పేసింది. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

నెట్ సెంటరు నడిపే హరిబాబు ముందుగానే టికెట్ తీసేద్దామన్నాడు. ఏసుపాదం నవ్వాడు. ఆఖర్న సీట్లు మిగలకపోవు, అప్పుడు వాళ్ళే పిలిచి ఇస్తారు, నాకు తెలీని వ్యాపారమా అన్నాడు. రోజూ సాయంత్రం వచ్చి రేటు దిగిందా అని అడిగేవాడు. మొదట్లో కొంచెం దిగింది కూడా. దాంతో ఇంకా బిగుసుకున్నాడు. తర్వాత ఎక్కడం మొదలెట్టిన రేటు మరి దిగలేదు. ప్రయాణం దగ్గరపడేసరికి మూడింతలైంది.

“ఇదేటి బాబూ, సీటు ఖాళీగానైనా ఎగరేసుకుంటారు గానీ తగ్గించరా?”

“నీ ఆటో నిండేదాకా ఆగుతాది బాబాయ్. విమానం టైముకి లేవాల. ఆఖర్న వచ్చీవోడెవుడు? సచ్చినట్టు ఎల్లాల్సినోడు. ఆడు ఎంతైనా ఇస్తాడు. ఆడికోసమే ఆ సీటు దాస్తారు.”

బస్సు చార్జీ ఇంతని సర్కారే నిర్ణయిస్తుంది కదా, విమానానికెందుకు నిర్ణయించదని ఏసుపాదం నిలదీశాడు. దీన్ని కంపెనీల ఇష్టానికే వదిలేసిందని, విమానంలో పోసే ఇంధనం మీద పన్ను మాత్రం రాష్ట్రానికో తీరుగా వేస్తారని హరిబాబు చెప్పాడు. వాళ్ళకీ నూనె బాధ తప్పలేదన్న ఒక్క ముక్కే ఏసుపాదానికి కాస్త ఊరటనిచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పక్కింటి మణి అడగనే అడిగింది. “ఏటే శాలోమీ, మీ ఆయన విమానం ఇంకా నిండలేదేటి?”

శాలోమి నవ్వేసింది. ఇంటికొచ్చి, సర్దుకున్న పెట్టెని మంచం కిందకి తోసేసింది.

ఆ చప్పుడుకి ఏసుపాదం మళ్ళీ హరిబాబు దగ్గరకి పరుగెత్తాడు. వెళ్ళడానికి కుదరకపోతే రావడానికి చూడమన్నాడు. పొద్దున్న అనకాపల్లికి ఉన్న గిరాకీ మధ్యాహ్నం తిరుగు ట్రిప్పుకి ఉండదని అతనికి తెలియంది కాదు. ఎవాంజలిన్ ఎలాగూ కొన్నాళ్ళు ఉండిపొమ్మంటోంది. హరిబాబు రెండు వారాల తర్వాత వచ్చే ఒక మంగళవారం మధ్యాహ్నానికి తేదీ పెట్టి చూశాడు. ఆ రేటు ఏసుపాదం మోయగలిగేదే.

“తీసీ బాబూ. రేపటికి దిగుద్దని నేనంటే నా నోరు ముయ్యి.”

అలా శాలోమి రైల్లో వెళ్ళి, పాట పాడి, విమానంలో వచ్చింది.

విశాఖ ఎయిర్‌పోర్టు బయట రోడ్డు మీద ఆటో పెట్టుకుని ఏసుపాదం ఎదురుచూశాడు. పెట్టె ఈడ్చుకుంటూ వచ్చిన శాలోమి మేఘాల సంగతి చెబుతుందనుకున్నాడు.

“నా పక్క సీటు ఖాళీయే. అలాగే తలుపేసీసి ఎల్లిపోనాడు. నా పేనం ఉసూరుమన్నాది. ఆగు బాబూ, ఇంకొకర్ని పిలుద్దుమని అనీబోయేను.”

ఏసుపాదం ఆమెని వెనక సీట్లో మహారాణిలా కూర్చోబెట్టి, ఒక్క మనిషితో బండి తీశాడు. అలా తీయడం అతనికి అదే మొదలు. పెందుర్తిలో ఎవరో చెయ్యెత్తితే చూడనట్టు పోయాడు. సబ్బవరంలో సంచులతో ఇద్దరు ఆడవాళ్ళు చెయ్యెత్తారు. అక్కడా ఆపలేదు గానీ, కాలు బ్రేకు మీదకి వెళ్ళి వెనక్కి వచ్చింది. శాలోమి అది చూడనే చూసింది.

“ఆపు,” అంది పక్కకి జరిగి కూర్చుంటూ. “ఇమానం ఎక్కింది నేను. నువ్వు కాదు.”

“చోడవరం, చోడవరం,” అని అరుస్తూ ఏసుపాదం ఆటోని వెనక్కి పోనిచ్చాడు.