గేటు గొలుసూ, నా పారాబోలా

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ లేదు. ఇంజినీరింగ్ ముగించి, ఢిల్లీలో నర్సుగా పనిచేసే మా పిన్ని ఇంట్లో నాలుగు నెలలుగా ఉద్యోగం లేకుండా తిని కూర్చున్న మనిషికి అంత ధీమా ఎక్కడిదో ఇప్పటికీ అర్థం కాదు. "ఈ డెమో క్లాసు కూడా పోగొట్టుకున్నావంటే బాపట్ల బండెక్కించేస్తానే. మీ అమ్మకి నేను జవాబు చెప్పుకోలేను," అని పిన్ని ఆ ఉదయం ప్రార్థన మధ్యలోనే (కళ్లు తెరవకుండా) హెచ్చరించింది.

లక్ష్మీ నగర్‌లోని ఆ కోచింగ్ సెంటర్లో ఒక పద్ధతి ఉండేది. క్లాసు మొదలవగానే డైరెక్టర్‌గారు వీధి గేటుకు ఇనుప గొలుసు చుట్టి తాళం వేసేవారు. లేకపోతే పిల్లలు ఎదురుగా ఉన్న మోమోల బండి దగ్గర తేలేవారు. తాళం వేసొచ్చి ఆయన వెనక బెంచీలో కూర్చున్నాక, నేను బోర్డు మీద రెండు స్తంభాలూ, వాటి మధ్య వేలాడే తీగా గీసి, "ఇది పారాబోలా," అన్నాను. నాకు చెప్పినవాళ్లూ అలాగే చెప్పారు మరి.

ముందు బెంచీలో ఒక పిల్ల చెయ్యెత్తింది. కంటోన్మెంట్ నుంచి వచ్చే మిలిటరీవాళ్ల అమ్మాయి, తెలుగు పిల్లే. "నహీ మ్యామ్, కేటినరీ."

నాకు ఒళ్లు మండింది. "ఎవరు చెప్పారమ్మా నీకు?" అని తెలుగులోనే అడిగాను.

"నామ్ మే హీ హై, మ్యామ్. లాటిన్ మే కేటినా మత్‌లబ్ జంజీర్."

పేరులోనే ఉందట, కేటినా అంటే గొలుసట! రెండు కొసలూ పట్టుకుని వదిలేస్తే గొలుసు తనంతట తాను తిరిగే వంపుకే ఆ పేరట. "అయితే చూద్దాం, గొలుసు తెప్పించండి!" అని అరిచాను. డైరెక్టర్‌గారు ఉత్సాహం పట్టలేక తానే వెళ్లి గేటు గొలుసు విప్పుకొచ్చారు.

బోర్డు పైనున్న రెండు మేకులకూ దాన్ని తగిలించి, వెనకాల నా పారాబోలా గీశాను. కొసలు కలిశాయి, అడుగు కలిసింది, పక్కలు మాత్రం గీత దాటి కిందికి జారాయి. అరచేత్తో లోపలికి తోశాను. వదలగానే మళ్లీ జారాయి. చెరిపి గీశాను, గీసి తోశాను (గొలుసుకు అంత పొగరుంటుందని అప్పుడే తెలిసింది). "మ్యామ్, రహనే దీజియే," ఇక వదిలెయ్యమంది ఆ పిల్ల జాలిగా. ఆ జాలికి నాకు ఇంకా మండింది.

చివరికి ఓటమి ఒప్పుకుందామని వెనక్కి తిరిగితే, గదిలో ఆ పిల్లా, గొలుసు వంకే చూస్తున్న డైరెక్టర్‌గారూ తప్ప ఎవరూ లేరు. తక్కినవాళ్లంతా తెరిచిన గేటులోంచి మోమోల దగ్గరికి వెళ్లిపోయారు. "మేడమ్, ఆప్ భీ జాయియే," అంటూ నన్నూ వెళ్లిపొమ్మన్నారాయన, గొలుసు చుట్టుకుంటూ.

ఇంటికొచ్చి జరిగింది చెబితే పిన్ని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "గేటు తీయించి మరీ పంపేశావటే!" అంది. బండి మాత్రం ఎక్కించలేదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ ప్రార్థన మొదలుపెట్టింది.

ఇప్పుడు గ్రేటర్ నోయిడా కాలేజీలో ఏటా ఆ పాఠం చెబుతాను. గొలుసు నా సంచిలోనే ఉంటుంది, గేటుది ముట్టుకోను. అది బోర్డు మీద వేలాడిన ప్రతిసారీ, చెమటలు కక్కుతూ అరచేత్తో తోస్తున్న ఆనాటి మేడమ్ కనిపిస్తుంది. వదిలెయ్యవే పిచ్చిదానా, అనాలనిపిస్తుంది. ఎక్కడ వింటుంది!