పదకొండుసార్లు అమ్ముడైన తోటకూర

డెబ్బై ఒక్క ఏళ్లలో మల్లప్పళ్ళి శోశామ్మకు మిగిలినవి మూడు: పెరట్లో ఎర్ర తోటకూర, ఇద్దరు కొడుకులు, ఆ ఇద్దరి ఇళ్ల మధ్య ఎనిమిదడుగుల గోడ. మొదటి రెండూ ఆమె పెంచినవి. గోడ మాత్రం కొడుకులే కట్టుకున్నారు, తండ్రి పోయిన నలభయ్యో రోజు విందు అరగకముందే. పెద్దవాడు ఈపెన్‌కు రబ్బరు తోటలు, చిన్నవాడు కోశీకి టైల్స్ కొట్టు. తల్లికి గోడనానుకున్న పాత వంటిల్లు.

నాలుగేళ్లుగా ఆమెది ఒకటే కోరిక: ఇద్దరూ తన బల్ల దగ్గర ఒక్క పూట కలిసి తినాలి. ఇద్దరూ వెంటనే ఒప్పుకున్నారు, రెండోవాడు రాకుండా ఉంటే.

ఆ ఆదివారం చర్చిలో ప్రథమఫలాల పండుగ. పగతో పెట్టే కొవ్విన ఎద్దు కంటే ప్రేమతో పెట్టే ఆకుకూర మేలన్న సామెతల గ్రంథ వాక్యం మీద ఫాదర్ ముప్పావు గంట ప్రసంగించారు. అందరికంటే ఎక్కువ తలూపినవాడు ఈపెన్. ఫాదర్‌కు ఆ మధ్యాహ్నం గొడ్డుమాంసం వేపుడు వాళ్లింట్లోనే మరి.

తర్వాత ముంగిట్లో, భక్తులు తెచ్చిన కానుకల వేలం. కోళ్లూ పనసకాయలూ పోయాక శోశామ్మ తెచ్చిన తోటకూర కట్ట వంతు వచ్చింది.

"మా అమ్మచ్చి కూర! ఐదొందలు!" అన్నాడు ఈపెన్.

"వెయ్యి!" అన్నాడు కోశీ. "అమ్మచ్చి నాకూ అమ్మచ్చేనని ఆయనకి చెప్పండి."

"రెండు వేలు! టైల్స్ ముక్కలమ్మి ఎంతవరకు పాడతాడో అడగండి."

"మూడు! రబ్బరు ధర పడిపోయిందట, చూసుకుని పాడమనండి."

పాడుకున్న సరుకు ఇంటికి పట్టుకుపోతే పిసినారి అంటారక్కడ. చర్చికే తిరిగిచ్చెయ్యాలి, పాట మళ్లీ మొదలవ్వాలి. పదకొండోసారి కోశీ గెలిచేసరికి ధర ఆవుదూడను దాటింది. కట్ట మాత్రం ఎండకు తల వేలాడేసింది. భక్తులు చప్పట్లు కొట్టారు.

శోశామ్మ లేచి వచ్చి కట్టను చంకన పెట్టుకుంది.

"అమ్మచ్చీ, పాట ఇంకా అవలేదు!" అన్నాడు వేలం వేసేవాడు.

"కూర వాడిపోతోందిరా. కావలసినవాణ్ణి ఇంటికొచ్చి తినిపొమ్మను."

ఆమె కూర తరిగి, కొబ్బరి కోరేసి పొయ్యి దించేసరికి కోశీ గుమ్మంలో ఉన్నాడు. "అమ్మచ్చీ, అది నేను పాడిన కట్ట."

ఫాదర్‌నీ గొడ్డుమాంసాన్నీ ఇంట్లో వదిలేసి ఈపెన్ వెనకే దిగాడు. "పాటే పూర్తవలేదు. అది వీడిదెలా అవుతుందమ్మచ్చీ?"

"కడుపులోకి పోయాక ఎవరిదో తేల్చుకోండి," అంటూ ఆమె రెండు పళ్లేలు పెట్టింది.

లేచినవాడు ఓడినట్టే. అందుకని ఇద్దరూ కూర్చున్నారు. నాలుగేళ్ల ప్రార్థనలకు, ఫాదర్ ప్రసంగాలకు లొంగని పని పంతం చేసిపెట్టింది.

కూరలో ఉప్పు లేదు. శోశామ్మ ఉప్పు మరవడం అదే మొదటిసారి. మరిచిందో లేదో ఆమెకే తెలియాలి. ఉప్పు గిన్నె కోశీ మోచేతి దగ్గర ఉంది. ఈపెన్ మూడు ముద్దలు పంతంగా మింగాడు. నాలుగోది దిగలేదు.

"ఒరే, ఉప్పిలా జరుపు."

కోశీ అన్న వైపు జరిపాడు. "ఎన్ని తోటలున్నా అచ్చాయన్‌కి ఉప్పుకి నేనే దిక్కు."

ఈపెన్‌కు నవ్వొచ్చి పొలమారింది. శోశామ్మ ఒక చేత్తో వాడి నడినెత్తిన తడుతూ, రెండో చేత్తో కోశీ పళ్లెంలో ఇంకాస్త కూర వేసింది.